రెండు బస్తాలకోసారి

అంతననరివోలో చదునైన వీధి ఒక్కటీ ఉండదు.
ఎక్కాలి, లేదా దిగాలి.
దిగేటప్పుడు మా నాన్న ఇంజన్ ఆపేసేవాడు.
రాళ్ళు పరిచిన వాలు
మా మీగడరంగు టాక్సీని
ఊరికే మోసుకుపోయేది.
పెట్రోలు ఆయన కాళ్ళ దగ్గర, ప్లాస్టిక్ సీసాలో.
సీసాలోంచి ఓ సన్నటి గొట్టం. ట్యాంకంటే అదే.

ఎక్కినవాళ్ళు సీటు అంచు పట్టుకుని
"బ్రేకులున్నాయా, రత్సింబా?" అనేవారు.
"బ్రేకులే ఉన్నాయి. మిగతావి అడక్కండి."

అబద్ధం. అన్నీ ఉన్నాయి.
ఆదివారం చర్చి గంట కొట్టేలోపు
తెల్లచొక్కా మేకుకు వేలాడుతుండగా
బనీనుతో కారు కిందకి దూరేవాడు,
కీలుకీలుకీ గ్రీజు పెట్టి
వేళ్ళకి సున్నిపిండిలా బూడిద రుద్దుకుని వచ్చేవాడు.
ప్రార్థనలో ఆయన పక్కన నిల్చుంటే
నాకు దేవుడి దగ్గర కూడా గ్రీజు వాసనే.

నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూపించేవాడు:
"నల్లబడితే తప్పు కాదు సహోంద్రా,
పని చేసిందన్నమాట.
గరుకు తగిలిందా, అప్పుడు భయపడు."

కిలోమీటర్ల ముల్లు నేను పుట్టకముందే ఆగిపోయింది.
ఎంత తిరిగామో కారుకీ తెలీదు, మాకూ తెలీదు.
అందుకని నాన్న ఓ లెక్క కట్టాడు:
ఇల్లు రెండు బస్తాల బియ్యం తింటే
కారుకి కొత్త నూనె.
తిన్నంత తిరుగుతాం, తిరిగినంత తింటాం,
అందులో తేడా ఏముంది అనేవాడు.
అమ్మ బియ్యం పద్దు రాసే పుస్తకంలోనే
ప్లగ్గులూ పాయింట్లూ ఫ్యాన్ బెల్టూ,
ఉప్పు పక్కన బ్రేక్ ఆయిలు.
పెద్దమ్మ తన ఐదుగురితో వచ్చి
వానాకాలమంతా ఉండిపోయిన ఏడు
ఇంజన్‌కి ఎన్నడూ లేని వైభోగం.

తర్వాత నాన్న చెవులు మందగించాయి.
కుడిది ముందు, ఎడమది మెల్లగా.
ఓ సాయంత్రం అనోసి చెరువు దాటి ఎక్కుతున్నాం,
జకరండా పూలు అద్దానికి అంటుకుంటున్నాయి,
ఐదో మలుపులో
టిక్.
నేను విన్నాను. ఆయన వినలేదు.
ఆయన వినలేదని నేను చూశాను.
కారు ఆపి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు నిలబడి
"ఏమంటోంది?" అన్నాడు.
నాకు తొమ్మిదేళ్ళు.
నోరులేనిదానికి చెవిగా నన్ను పెట్టుకున్నాడు ఆ రోజే.

వాల్వు టిక్కుమంటుంది, బేరింగు మూలుగుతుంది,
తడిసిన బెల్టు కీచుమంటుంది, ఆరితే మర్చిపోతుంది.
తుప్పు మాత్రం ఏమీ అనదు.
దానికి చెవి కాదు, వేలిగోరు కావాలి:
తలుపు అంచు కింద, చాప కింద,
వానలో నాని ఎర్రమట్టి దాక్కున్న ప్రతి మూలా.

ఎదురింటి మిహాజా కొరియా కారు కొన్నాడు.
ముందు పలకలో ఎర్రదీపం వెలిగితే
దానిమీద నల్లటేపు అంటించాడు.
"ఇప్పుడు బానే ఉంది" అన్నాడు.
నేను నవ్వలేదు.
దీపాలున్న కార్లకి వినేవాళ్ళు అక్కర్లేదనుకుంటారు కాబోలు.

ఇప్పుడు స్టీరింగు నాది.
గొడుగు పిడిలాంటి గేరుకర్ర నాన్న అరచేతికి అరిగి
నా అరచేతికి సరిపోయింది.
పుట్టుకతోనే ఈ కారుకి
ఓ పక్క చక్రాల ఎడం రెండో పక్క కంటే కాస్త ఎక్కువ,
అయినా తిన్నగానే పోతుంది.
దాని సంగతి తెలిసినవాళ్ళు నడపాలంతే.

అమ్మ పోయింది. తమ్ముడు ఓడరేవులో పనికి కుదిరాడు.
బస్తా తరగడం లేదు.
పద్దులో పోయిన నూనె మార్పుకీ దీనికీ మధ్య
ఖాళీ గీతలు పెరిగాయి.
నెలల లెక్కకి మారదాం అన్నాను, గట్టిగా, ఎడమచెవిలో.
తల అడ్డంగా ఊపాడు.

రాత్రి అన్నం కుండ అడుగున మాడుకి నీళ్ళు పోసి
పొయ్యిమీద పెట్టి వచ్చేసరికి
నా కంచంలో ఇంకో గరిటెడు.
"చాలు నాన్నా."
"తిను" అన్నాడు,
కిటికీలోంచి బయటికి, కారు వైపు చూస్తూ,
"దానికి వేళవుతోంది."